పసుపు మొహం, తెల్ల చీర

ఉదయగిరి కొండ కింది ఎండ ఎలాంటిదో చూడనివాడికి చెప్పడం కష్టం. అక్కడ మిట్టమధ్యాహ్నం కాకి తన నీడను ముక్కుతో పట్టి కాళ్ళ కిందికి లాక్కుంటుంది. గోడ దిగబోయే బల్లి, కింద ఎవరివైనా చెప్పులున్నాయేమోనని తొంగి చూస్తుంది. అలాంటి ఎండలో నేను ఆత్మకూరు నుంచి రెండెడ్ల బండి మీద ఒక పెట్టె, ఒక గుడారం, ఒక సంతకు సరిపడే సీసాలు వేసుకుని కొండ కిందికి చేరాను. ధాత సంవత్సరం, కార్తీక మాసం. కార్తీకంలో అంత ఎండేమిటని మీరు అడగవచ్చు. ఆ ఏడాది మా ప్రాంతంలో మనుషులూ పశువులూ అడిగింది కూడా అదే.

నా పని పటాలు తీయడం. చేత్తో గీసేవి కావు, వెలుగు గీసేవి. ఒక పాదిరీ దొర తన దేశానికి వెళ్ళిపోతూ, ఓడలో చోటు చాలక, తన ఫోటోగ్రాఫు పెట్టెను నాకు వదిలిపోయాడు. అంతకుముందు ఆయన వెనక సీసాలు మోసినవాణ్ణి నేనే. ఆ పెట్టె ఎంత పెద్దదంటే, నల్లగుడ్డ కప్పుకుని నేను దాంట్లోకి తల దూర్చినప్పుడల్లా ఈయన ఈసారి బయటికి వస్తాడో రాడోనని మా ఇంటామె తాళి తీసి కళ్ళకద్దుకునేది. వెండి నీళ్ళు తగిలి నా పది వేళ్ళూ నల్లబడిపోయాయి. ఒకరింట పంక్తిలో కూర్చుంటే వడ్డించే ఆమె నా చేతులు చూసి, ఈయన బొగ్గులు తిని నేరుగా మనింటికే వచ్చినట్టున్నాడని పక్కామెతో అన్నది.

మా పనిలో పేచీ అంతా తెలుపుకూ నలుపుకూ మధ్యే. గాజు పలక మీద జిగట మందు పోసి, వెండి నీళ్ళలో ముంచి, తడి ఆరకముందే పెట్టెలో పెట్టి తీయాలి. తడి ఆరకముందే గుడారంలోకి పరుగెత్తి అన్నభేది నీళ్ళు పోసి బొమ్మ తేల్చాలి. ఆ గాజు మీద లోకం తిరగబడి ఉంటుంది. తెల్ల పంచె నల్లగా గడ్డకడుతుంది, నల్ల జుట్టు ఉత్త గాజుగా మిగులుతుంది. దాని కింద గుడ్డు తెల్లసొన పూసి మందు పట్టించిన కాగితం పెట్టి, చట్రంలో బిగించి ఎండకు పెడితే, కాగితం మీద లోకం మళ్ళీ తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది.

నిలబడటమే కష్టం. గాజుకు వెలుగు ఎక్కువ తాగించామా, తెల్లని బట్టలో పోగులు, ముసలాయన గడ్డంలో వెంట్రుకలు, గోడకు లేచిన సున్నపు పెచ్చులు, అన్నీ కలిసి ఒకటే సున్నపు ముద్ద. తక్కువ తాగించామా, నీడలో ఉన్న మనిషి మసిగుడ్డ. ఈ రెండింటినీ ఒక చాప మీద కూర్చోబెట్టి ఒక విస్తట్లో తినిపించడమే మా విద్య. వియ్యంకులిద్దర్ని అలా కూర్చోబెట్టడం ఇంతకంటే సులువు.

పైగా ఆ పెట్టె కన్ను మన కన్ను కాదు. దానికి నీలం తెల్లగా కనబడుతుంది. పసుపూ ఎరుపూ నల్లగా కనబడతాయి. ఎందుకని అడిగితే పాదిరీ దొర కూడా ఆకాశం వైపు చూసి ఊరుకునేవాడు.

ఆ ప్రయాణం ఇంకో దొర కోసం. ఉదయగిరి కోట పటం కావాలని ఆయన కోరిక. కొండ మీద గోడలు తీశాక, గుడారం వేసుకోవడానికి నీడ దొరికింది ఒక నేతగాని పెరట్లో. ముప్పై ఏళ్ళు దాటని మనిషి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య జానెడు బట్ట నేసేవాడు. నా గుడారానికి పడిన చిల్లు గుండా వెలుగు చొరబడి పలకలు పాడవుతుంటే, నేను అడగకుండానే మందపాటి గుడ్డ తెచ్చి కుట్టిపెట్టాడు. అందుకు బదులుగా మీ ఇంటామె పటం తీసిపెడతానన్నాను.

నేతగాని ఇంటామెకు అప్పటికి చంకలో పిల్ల, ఆరేడు నెలలది. మొగుడికి లేని మాటలన్నీ ఆమె దగ్గరే ఉండేవి.

"మా ఆయన మగ్గం ఆడేదానికంటే నా నోరు ముందు ఆడతాది గానీ, పటంలో నోరు కూడా పడతాదా అన్నా?"

"మాట పడదు. మూసుకుని కూర్చుంటే నోరు పడుతుంది."

"అయితే అది నా పటం కాదులే," అని మొగుడు కూడా నవ్వేదాకా నవ్వింది.

లోపలికి వెళ్ళి, అతను ఆమె కోసమే నేసిన చీర కట్టుకుని వచ్చింది. తెలుపు మీద తెలుపు గళ్ళు, సన్నని ఎర్ర అంచు. ఆ గళ్ళు ఎంత సన్ననివంటే చీమ వాటి మీద నడిస్తే పాదం ఏ గడిలో పెట్టిందీ దానికే తెలియదు. చీర చూడగానే నాకు గుండె జారింది. తెలుపులో తెలుపు దొరకబట్టడం, పాలల్లో పడిన మల్లెపువ్వును ఏరడం లాంటిది. వెలుగు కొంచెం ఎక్కువైతే గళ్ళన్నీ మాయం. ఆ ఆలోచనలో ఉండగా ఆమె మొహం చూశాను. నిండా పసుపు.

"అమ్మా, ఆ పసుపు కడుక్కుని రా. ఈ పెట్టెకు పసుపు నల్లగా కనబడుతుంది. చీర తెల్లగా, మొహం అట్లకాడలాగా వస్తుంది."

మొహం కడుక్కోమన్నాను, అంతే. ఇల్లు కూల్చమన్నట్టు చూశారు. ఆమె తల్లి, అంటే నేతగాని అత్త, అప్పుడు తలుపు దగ్గర ఉంది. ముసలామె కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"మొగుడు ఎదురుగా నిలబడి ఉండంగా పసుపు కడుక్కోమంటావేంది నాయనా? ఏం మాటలవి?"

"నా మాట కాదవ్వా, పెట్టె మాట."

"పెట్టెకు మొగుడుండాడా, పెళ్ళాముండాదా? దానికేం తెలుసు? పసుపు నల్లగా ఎట్టా అయితాది? పొయ్యిలో పెట్టినా పసుపు నల్లగా కాదు."

"పొయ్యిలో పెడితే అయితాదిలే అమ్మా," అని కూతురే నవ్వింది. తరవాత నా వైపు తిరిగి, "పసుపు లేని మొహం నాది కాదన్నా. అట్టా తీస్తే ఎవరిదో తీసినట్టు," అన్నది.

ముసలామె అంతటితో ఊరుకోలేదు. పటంలో బాగా కనబడాలని లోపలికి పోయి ఇంకో కొమ్ము అరగదీసి, ఉన్న పసుపు మీద మళ్ళీ పసుపు మెత్తింది. చెవుల వెనక, మెడ మీద, ఎక్కడా చర్మం కనబడకుండా. ఇక ఏం చేస్తాను. మొహం కోసం వెలుగు ఎక్కువ తాగిస్తే చీర పోతుంది, చీర కోసం తగ్గిస్తే మొహం పోతుంది. మొగుడు చీర వైపు చూస్తున్నాడు. వియ్యంకుల పంచాయతీలో పెద్దమనిషిలాగా ఇద్దరికీ నచ్చని కొలత ఒకటి ఎంచుకున్నాను.

తల కదలకుండా మెడ వెనక ఇనప కొక్కెం పెట్టాను. పెట్టె కంటి అద్దం వైపే చూడమన్నాను. మూత తీశాను. సరిగ్గా అప్పుడు అవ్వ చేతిలో ఉన్న పిల్ల కుయ్యిమన్నది. తల్లి తల కదపలేదు, కొక్కెం కదపనివ్వదు. కళ్ళు మాత్రం పిల్ల వైపు తిరిగి అక్కడే ఆగిపోయాయి.

బొమ్మ తేల్చి, గాజు కడిగి వాళ్ళకు చూపించాను. కాగితం మీదికి దించే పని ఆత్మకూరు వెళ్ళాకే గనక గాజే చూపించాలి. తిరగబడిన లోకం కదా, చీర నల్లగా ఉంది. పసుపు మొహం ఉత్త గాజు. ఆమె దాన్ని ఎండ వైపు ఎత్తి చూసి మురిసిపోయింది.

"చూసినావా అమ్మా, నా మొహం ఎంత తెల్లగా వచ్చినాదో. ఈయన నల్లగా వస్తాదన్నాడు."

నేను చెప్పబోయాను. ఆ ఆనందం మధ్యలోకి దూరడానికి సందు లేదు. వానలు పడ్డాక కాగితం మీద తీసిస్తానని చెప్పి, గాజు సర్దుకుని బండి కట్టించాను. ఆ రోజుల్లో అన్ని పనులకూ గడువు అదే. పెళ్ళికి, ఇంటి కప్పుకు, పటానికి, అన్నింటికీ వానలు పడ్డాకే.

ఆత్మకూరు చేరాక దొర కోట పటాన్ని కాగితం మీదికి దించాను. గోడలు బాగున్నాయి, బండలు బాగున్నాయి, ఆకాశం మాత్రం ఉత్త తెలుపు. నీలమైనా మబ్బైనా పెట్టెకు ఒకటే. దొర చూసి, ఆకాశం బోడిగుండులాగా ఉంది, కాసిని మబ్బులు పెట్టమన్నాడు. మాకు దానికో ఉపాయం ఉంది. కొండా కోటా నల్ల కాగితంతో మూసి, ఆకాశం ఉన్న చోట దూది రేకలు పరిచి, కాసేపు ఎండకు చూపిస్తాం. దూది కిందిది తెల్లగా నిలిచి మబ్బు అవుతుంది, పక్కనున్నది కమిలి ఆకాశం అవుతుంది. నేను పెట్టిన మబ్బులు చిన్నవి కావు. కడుపుతో ఉన్న గేదెల మంద కొండెక్కినట్టు ఉన్నాయి. అవి నిజంగా కురిసి ఉంటే సోమశిల దగ్గర పెన్న కొండల్ని తోసుకుని వచ్చేది.

ఆ పటాన్ని అరుగు మీద ఆరబెడితే ఊరంతా చూడటానికి వచ్చింది. సీతారామపురం నుంచి గొడ్లను అమ్మడానికి తోలుకొచ్చిన ఒక ముసలి రైతు దాని ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"ఏందిరా ఇది, మబ్బు గదా?"

"మబ్బే పెదనాయనా."

"మన కొండ మీదనే?"

"మన కొండే."

"ఎటు పోయినాది?"

"దొరగారింటికి."

ఆయన తల ఊపాడు. "అట్టనే పోతాది. మన పక్కకు ఎప్పుడొచ్చినాది గనక," అని లేచి పోయాడు. నవ్వుతాడనుకుని నేనన్న మాట అది.

మబ్బు పెట్టేవాడొకడు ఆత్మకూరులో ఉన్నాడన్న సంగతి ఉదయగిరి దాకా పాకింది. వాన మాత్రం ఎటూ పాకలేదు. మరుసటి ఏడు, ఈశ్వర సంవత్సరం వచ్చేసరికి ఆత్మకూరు చెరువులో నీటి బదులు పగుళ్ళుండేవి. ఒక్కో పగులులో మనిషిని నిలబెట్టి పూడ్చవచ్చు. అలా పూడ్చవలసినవాళ్ళు కూడా దారి పొడుగునా ఉండేవాళ్ళు. అందుకే ఈ మాట దగ్గర ఎవరూ నన్ను పెంచి చెబుతున్నావని అనలేదు.

తిండి లేనివాడు బట్ట కొనడు గనక కరువు అందరికంటే ముందు మగ్గాల దగ్గరికే వెళ్ళింది. నేతగాడు మగ్గం పలకలు పొయ్యిలో పెట్టి, పెళ్ళాన్నీ పిల్లనూ తీసుకుని గంజి పోసే చోటుకు చేరాడని విన్నాను. గంజి తొట్టి దగ్గర వాంతిభేది వచ్చి ఆమె పోయిందని కూడా తరవాత విన్నాను.

ఒక ఉదయం నేతగాడూ అతని అత్తా మా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఉదయగిరి నుంచి నడిచి వచ్చారు. నేను మొదట గుర్తుపట్టలేదు. మనుషుల్ని ఉతికి, పిండి, ఆరేసి, మడత పెట్టడం మరిచిపోయినట్టున్నారు. ముసలామె ఒళ్ళో పిల్ల నిద్రపోతోంది.

"గాజు ఉండాదా అన్నా?" అన్నాడు అతను. పలకరింపు కూడా లేదు.

"ఉంది."

"దీనికి వాళ్ళమ్మ మొహం తెలవదు. పెద్దదైనాక అడుగుతాది గదా, మా అమ్మ ఎట్టుండె అని. నాకు చెప్పడం రాదు. నీకు తెలుసు గదా, నేను ఎక్కువ మాట్లాడను. పటం ఉంటే చూపిస్తా."

గాజు తెచ్చి, ఇందాకా మీకు చెప్పిందంతా అతనికీ చెప్పాను. పసుపు వల్ల మొహం నల్లగా వస్తుందని, గాజులో తెల్లగా కనబడిన చోట నిజానికి ఏమీ లేదని చెప్పాను. అతను ఓపికగా విన్నాడు.

"లేని మబ్బు పెట్టినావంట గదా."

"పెట్టాను."

"లేని మబ్బు పెట్టినోడివి, ఉండిన మొహం పెట్టలేవా?"

గాజు పక్కన పెట్టి కాగితాల పెట్టె తెరిచాను.

కాగితానికి పూయడానికి గుడ్లు లేవన్నాను. ఆ ఏడాది కోడి కూత వినబడితే జనం గోడ దూకి వెళ్ళేవాళ్ళు. ముసలామె మూట విప్పింది. పొట్టులో దాచిన కోడిగుడ్లు. మనవరాలి కోసం ఒక కోడిపెట్టను ఇన్నాళ్ళూ ఎవరికీ తెలియకుండా ఇంట్లో దాచి పెంచిందట. చివరికి కోడిని కూడా తిన్నారట.

"తెల్లది నువ్వు తీసుకో నాయనా, పచ్చది ఇచ్చేయ్. పిల్లకు పెడతా."

అలాగే చేశాం. తెలుపు కాగితానికి, పసుపు పిల్లకు. పిల్ల ఆ పచ్చసొన తిన్న తీరు చూసి మా ఇంటామె లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి కాగితాన్ని చట్రంలో పెట్టి, చీర గళ్ళు తేలేదాకా ఎండలో ఉంచాను. గాజు మీద చీర నల్లగా గట్టిపడి ఉంది గనక వెలుగు దాని గుండా దూరడానికి పొద్దు పట్టింది. చట్రం వెనక తలుపు సగం ఎత్తి చూసుకుంటూ కూర్చున్నాను. నా జన్మలో అంత బాగా తెలుపును దొరకబట్టలేదు. గడికి గడి, పోగుకు పోగు, కుచ్చెళ్ళలో బట్ట ఎక్కడ నలిగిందో కూడా తెలుస్తోంది. పైన మొహం ఉండవలసిన చోట మసి. ఆ మసిలో ముక్కుపుడక మెరుపు చుక్క ఒకటి, పక్కకు తిరిగిన రెండు కళ్ళ తెలుపు. అంతే.

నేతగాడు చీర మీద వేలు ఆనించీ ఆనించకుండా పెట్టాడు. "ఈడ పోగు తెగితే ముడేసినాను. అది కూడా వచ్చినాది," అన్నాడు. తరవాత కళ్ళ దగ్గరికి వచ్చి ఆగాడు. "ఇవి దానివే. పిల్ల వైపు చూస్తా ఉండాది."

"పిల్లకు చూపీ," అన్నది ముసలామె.

చూపించారు. నల్లని మొహం, దాంట్లో రెండు తెల్లకళ్ళు. పిల్ల కెవ్వున అరిచి అవ్వ మెడ పట్టుకుంది. ఎంత ఊరుకోబెట్టినా ఊరుకోలేదు.

ముసలామె పిల్లను ఎత్తుకుని అరుగు చివరికి వెళ్ళి, అటు తిరిగి కూర్చుని, "నేను పూసినానే ఆ పసుపు. చాలదని మళ్ళీ పూసినానే," అన్నది. ఎవరితోనూ కాదు.

నాకు ఒక సంగతి తోచింది. పసుపు వెలుగును అడ్డుకోబట్టే మొహం నల్లగా అయింది కదా. గాజు వెనక, సరిగ్గా మొహం ఉన్న చోట, పల్చగా పసుపు పూస్తే ఎండ అక్కడ తక్కువ దూరుతుంది, చీర మామూలుగానే తేలుతుంది, మొహం మాత్రం తెల్లబడుతుంది. ఏ వస్తువు చెడగొట్టిందో ఆ వస్తువే బాగుచేస్తుందన్న మాట. ఇంత గొప్ప ఆలోచన నాకు అంతకుముందు రాలేదు, తరవాతా రాలేదు.

"పసుపు కొమ్ముందా అవ్వా?"

ఆమె నన్ను అనుమానంగా చూసింది. అయినా కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఏమీ లేని ఇంట్లో కూడా పసుపు కొమ్ము ఉంటుంది మా వైపు. ఎలా చేయాలో చెబితే ఆమె తానే అరగదీసి, గాజు వెనక వేలి కొసతో పూసింది. నుదురు, బుగ్గలు, గడ్డం. ఆ రోజు పెరట్లో పూసినట్టే.

పసుపు ఎండకు నిలవదు. కాసేపటికి వెలిసిపోతుంది. ఆమె చట్రం పక్కనే కూర్చుని, వెలిసినప్పుడల్లా మళ్ళీ పూసింది. అలా ఒక పూటంతా కూతురి మొహానికి పసుపు పూస్తూనే ఉంది. నేను చట్రం తెరిచేటప్పుడు ముగ్గురం దాని మీదికి వంగాం.

మొహం తెల్లబడింది, నిజమే. సుబ్బరంగా తోమిన ముంతలాగా ఉంది. ముక్కు లేదు, నోరు లేదు, బొట్టు లేదు. మసిలో మెరిసిన ఆ రెండు కళ్ళూ, పుడకా కూడా ఆ తెలుపులో కలిసిపోయాయి. నలుపు ఉన్నందువల్లే అవి కనబడ్డాయి. నలుపు తీసేస్తే వాటికి నిలబడే చోటు లేదు. గాజులో పడనిదాన్ని ఎండ ఎక్కడ నుంచి తెస్తుంది.

పిల్లకు చూపిస్తే ఏడవలేదు. చూడనూ లేదు. పక్కన పాకుతున్న చీమను చూసింది.

"గీసి పెట్టు," అన్నాడు నేతగాడు. "మబ్బు మాదిరి."

సీసపు పెన్సిలు సన్నగా చెక్కి గాజు మీద గీశాను. కళ్ళు, ముక్కు, చిన్న నవ్వు. వాళ్ళిద్దరూ పక్కన కూర్చుని చెబుతుంటే గీశాను. ముక్కు ఇంకాస్త కోలగా ఉండాలని ఒకరు, కాదు కాస్త మొద్దుగా ఉండేదని ఒకరు. వాళ్ళిద్దరికీ గుర్తున్న మొహం ఒకటి కాదని వాళ్ళకు అక్కడే తెలిసినట్టుంది. కాగితం మీద చూస్తే చక్కని మొహం. ఏ రాజుగారింటికైనా కోడలిగా పంపవచ్చు.

ముసలామె చాలాసేపు చూసింది. "బాగుండాది నాయనా," అన్నది. "ఎవరీ పిల్ల?"

నేతగాడు పెన్సిలు గీతలు తుడిచేయమన్నాడు. తుడిచేశాను. ఎవరిదో తీసినట్టు అని అతని పెళ్ళాం ఆ రోజు అన్న మాట నాకు గుర్తొచ్చింది. అతనికీ గుర్తొచ్చిందేమో.

చివరికి మొదటి పటమే తీసుకుంటానన్నాడు. మసి మొహం, రెండు కళ్ళు, గళ్ళ చీర. దాన్ని ఉప్పు మందులో వేసి నిలబెట్టాక, ఆ మందు పోయేదాకా మార్చి మార్చి నీళ్ళతో కడగాలి. కడగకపోతే కాగితం పసుపెక్కి బొమ్మ పోతుంది. నీళ్ళెక్కడివి? సంగం దాకా పోయి పెన్న ఇసకలో చెలమ తవ్వితే, తాగడానికి కుండెడు ఊరేది. దాంట్లోనుంచి ఒక పళ్ళెంలో పోసి ముంచి తీశాను.

"ఇది చాలదు. కొన్నాళ్ళకు పోతుంది," అన్నాను.

"ఈ పళ్ళెంలో నీళ్ళు తాగితే నలుగురు బతుకుతారు," అన్నాడు అతను. "చాల్లే అన్నా."

పటాన్ని పాతగుడ్డలో చుట్టుకుని, పిల్లను భుజానెక్కించుకుని వెళ్ళిపోయారు.

ఆ మరుసటి ఏడు, బహుధాన్య సంవత్సరంలో వానలు పడ్డాయి. ఎవరి కోసం పడ్డాయో వాళ్ళు చాలామంది లేరు. దొర ఇంకో పటం కోరితే మళ్ళీ ఉదయగిరి వెళ్ళాను. ఈసారి కొండ మీద నిజంగా మబ్బులున్నాయి. పెట్టెకు అవి కనబడలేదు. ఆ పటానికి నేను దూది తీయలేదు.

నేతగాని ఇంట్లో మగ్గం గుంట పూడ్చేసి ఉంది. అతను రాళ్ళు మోసే పనికి పోతున్నాడు. పిల్ల పరుగెత్తే వయసుకు వచ్చింది. గోడకు ఒక చెక్క చట్రం తగిలించి ఉంది. పక్కింట్లో గరిటెలు చెక్కే ముసలాయన పువ్వులు చెక్కి చేసిచ్చాడట. పటం గోడ వైపు తిరిగి ఉంది, వెనక చెక్కే మనకు కనబడేది.

"పిల్ల జడుసుకుంటాది," అన్నది ముసలామె. "అది పడుకున్నాక తిప్పి చూసుకుంటాం."

పిల్ల బయట ఉందని చూసి, తిప్పింది.

నేను చెప్పినట్టే అయింది. అయితే నేను చెప్పినంత నెమ్మదిగా కాలేదు. కాగితమంతా పసుపెక్కింది. ఇలాంటి పటంలో ముందు పోయేది తెలుపులో ఉన్న సన్నపని. గళ్ళు లేవు. పోగుల్లేవు. ముడి వేసిన చోటు లేదు. చీర ఉన్న చోట ఒకటే పచ్చని మరక. పిల్ల వైపు తిరిగిన ఆ రెండు కళ్ళు కూడా పచ్చబడి, మసిలోకి దిగిపోతున్నాయి. మొహం మాత్రం చెక్కు చెదరలేదు. నలుపుకు ఏమీ కాలేదు.

"గాజు నా దగ్గరే ఉంది," అన్నాను. "ఇప్పుడు నీళ్ళున్నాయి, గుడ్లున్నాయి. ఇంకోటి తీసిస్తాను. బాగా కడుగుతాను."

నేతగాడు పటం వైపు చూడకుండా అన్నాడు. "దాంట్లో మొహం వస్తాదా?"

"రాదు."

"అయితే ఇంకోటి ఎందుకన్నా? ఇది పొయ్యేదాకా ఇది చూసుకుంటాం."

బయట నుంచి పిల్ల అడుగుల చప్పుడు వినబడింది. ముసలామె పటాన్ని గోడ వైపు తిప్పేసింది.